ట్యూనింగ్ బాక్సా, రీమ్యాపా: ఏది మేలు?

టర్బో బండి కొన్నవాళ్లలో పికప్ మీద మోజున్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది. వైర్ల మధ్యలో ఒక బాక్స్ పెట్టించాలా, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూలోని ఫైల్‌నే మార్పించాలా (దీన్నే రీమ్యాప్ అంటారు)? టర్బో లేని పెట్రోల్ బండికి ఈ చర్చ అక్కర్లేదు. అందులో అదనంగా గాలి నింపే యంత్రమే లేదు కాబట్టి, ఫైల్ ఎంత మార్చినా వచ్చేది డ్రైవింగ్‌లో తెలియనంత తక్కువ. ఆ డబ్బు టైర్లకు పెట్టుకోవడం మంచిది.

బాక్స్ పని ఎలా చేస్తుందో చూస్తే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. డీజిల్ బండిలో అది, ఇంజెక్టర్లకు డీజిల్ పంపే రైల్ అనే గొట్టంలోని ప్రెజర్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య కూర్చుంటుంది. రైల్‌లో నిజంగా 1,400 బార్ ఉంటే ఈసీయూకి 1,250 అని చూపిస్తుంది. ప్రెజర్ తక్కువైందనుకుని ఈసీయూ ఇంకా పెంచుతుంది. దానికి 1,400 కనిపించేసరికి అసలు ప్రెజర్ 1,550 దాటుతుంది. ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం అంతే ఉన్నా లోపలికి వెళ్లే డీజిల్ పెరుగుతుంది. టర్బో పెట్రోల్‌లో ఇదే పని బూస్ట్ (టర్బో నింపే గాలి ఒత్తిడి) సెన్సర్ దగ్గర జరుగుతుంది.

బాక్స్ ఈసీయూకి అబద్ధం చెబుతుంది. నా లెక్కలో తేల్చే విషయం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. ఇవాళ్టి ఇంజన్‌లో ఈసీయూ ఒక్కటే ఉండదు. ఎంత టార్క్ (ఇంజన్ తిప్పే బలం) పుడుతోందో అది లెక్కగట్టి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి పంపుతుంది. ఆ అంకెను బట్టే గేర్‌బాక్స్ లోపలి క్లచ్‌లను ఎంత గట్టిగా నొక్కి పట్టాలో నిర్ణయించుకుంటుంది. ఇంజన్ 210 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే, బాక్స్ వల్ల ఈసీయూ 178 అనే చెబుతుంది. గేర్‌బాక్స్ 178కి సరిపడా పట్టే పడుతుంది. గేర్ మారిన ప్రతిసారీ క్లచ్ కొద్దిగా జారుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది. ఇది మొదటి నెలలో తెలిసే నష్టం కాదు.

బీఎస్6 డీజిల్‌లో ఇంకో చిక్కు ఉంది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ అయిన డీపీఎఫ్‌లో ఎంత మసి చేరిందో ఈసీయూ కొంతవరకు అంచనా లెక్కతోనే నడిపిస్తుంది. తక్కువ డీజిల్ కాలుతోందని అది నమ్మితే, మసి లెక్క కూడా తక్కువే వేసుకుంటుంది. ఫిల్టర్ శుభ్రం చేసే రీజనరేషన్ ఆలస్యమై, ఒకరోజు వార్నింగ్ లైట్ వెలుగుతుంది. దానికి విరుగుడుగా డీపీఎఫ్ తీసేయమని సలహా ఇచ్చే షెడ్లున్నాయి. ఆ పని చేయించకండి. మన పొగ వెనక బైక్ మీద వచ్చేవాళ్లు పీల్చాలి.

రీమ్యాప్‌లో ఈ దాపరికం ఉండదు. బూస్ట్ లక్ష్యం, టార్క్‌కి హద్దు పెట్టే టార్క్ లిమిటర్లు, పొగకి హద్దు పెట్టే స్మోక్ లిమిటర్, పెట్రోల్‌లో స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే ఇగ్నిషన్ టైమింగ్ పట్టికలు నేరుగా మారతాయి. సరిగ్గా చేస్తే ఈసీయూకి నిజమైన టార్క్ తెలుస్తుంది, గేర్‌బాక్స్‌కీ తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ ఆర్పీఎం దగ్గర ఎంత పెంచాలో ఎంచుకోవచ్చు. ఒకట్రెండు సెన్సర్లను మాత్రమే పట్టుకునే బాక్స్‌తో అంత సున్నితంగా కుదరదు.

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, టైగూన్‌లలో వచ్చే 1.0 టీఎస్ఐ అనే టర్బో పెట్రోల్ ఇంజన్‌నే తీసుకోండి: పవర్ 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), టార్క్ 178 న్యూటన్ మీటర్లు. న్యూటన్ మీటర్లను ఆర్పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి, దాన్ని 0.7355తో భాగిస్తే పీఎస్. 5,000 ఆర్పీఎం దగ్గర 115 పీఎస్ అంటే టార్క్ అప్పటికే 161కి పడిపోయిందన్నమాట. గరిష్ఠ టార్క్‌ను ఒక్క న్యూటన్ మీటర్ కూడా పెంచకుండా, ఆ 178నే 5,000 వరకు నిలబెట్టగలిగితే దాదాపు 127 పీఎస్ అవుతుంది. ఇదే బండిలో 2,000 ఆర్పీఎం దగ్గర 40 న్యూటన్ మీటర్లు కుక్కితే అక్కడ పెరిగేది 11 పీఎస్సే, కానీ క్లచ్ మీద, కనెక్టింగ్ రాడ్ల మీద పడే బరువు చాలా ఎక్కువ. చిన్న టర్బో పెట్రోల్‌లో తక్కువ ఆర్పీఎంలో బూస్ట్ పెంచితే, స్పార్క్ పడకముందే పెట్రోల్ అంటుకునే ప్రమాదం కూడా ఉంది. పిస్టన్ పగలడానికి అలాంటి దెబ్బలు కొన్ని చాలు. ఘాట్ రోడ్డులో ఐదో గేర్‌లో 1,500 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కాబట్టి ట్యూనర్‌ని అడగాల్సింది "ఎన్ని బీహెచ్‌పీ వస్తుంది?" అని కాదు, "2,000 దగ్గర టార్క్ ఎంత పెడుతున్నారు?" అని. ఈ ఇంజన్‌కి వచ్చే మాన్యువల్ గేర్‌బాక్స్ పేరు ఎంక్యూ200. ఆ 200 దాని టార్క్ తరగతిని చెబుతుంది. 1.5 టీఎస్ఐకి జతచేసిన డ్రై క్లచ్ డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ హద్దు 250, ఇంజన్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 250 ఇస్తోంది. అక్కడ టార్క్ పెంచడానికి ఇక చోటు లేదు.

పాత స్విఫ్ట్ డీజిల్ సంగతి వేరు. 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్ల ఆ 1.3 ఇంజన్‌నే ఎర్టిగా, సియాజ్‌లలో 90 పీఎస్‌తో ఇచ్చారు. ఆ 15 పీఎస్ కోసం కంపెనీవాళ్లే వేరియబుల్ జామెట్రీ టర్బోకి (వేగాన్ని బట్టి లోపలి రెక్కల కోణం మారే టర్బో) మారాల్సి వచ్చింది, టార్క్ పెంచింది మాత్రం పదే. స్విఫ్ట్‌లోని చిన్న ఫిక్స్‌డ్ టర్బోతో బాక్స్ ఒక్కటే పెట్టి 100 దాటిస్తామంటే, ఎక్కువ ఆర్పీఎంలో గాలి చాలక నల్ల పొగే వస్తుంది. 2,500 నుంచి 3,500 మధ్య పది పదిహేను న్యూటన్ మీటర్లు పెంచుకుంటే హైవే ఓవర్‌టేకింగ్‌కి చాలు.

బాక్స్‌కి న్యాయం చేయాలంటే రెండు మాటలు చెప్పాలి. పది నిమిషాల్లో తీసేయవచ్చు, ఈసీయూ ముట్టుకోనక్కర్లేదు. కొత్త ఈసీయూల్లో కొన్ని తాళం వేసినట్టే వస్తాయి, వాటిని విప్పి బల్ల మీద పెట్టి తెరవాలి. అలాంటి బండి వారంటీలో ఉంటే, మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే, తక్కువ సెట్టింగ్‌లో బాక్స్ వాడుకోవడం అర్థం చేసుకోదగ్గదే. రీమ్యాప్ దాగదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లలో సాఫ్ట్‌వేర్ తేడా కనిపిస్తే టీడీ1 అనే గుర్తు పడుతుంది, దాంతో ఇంజన్ వారంటీ ప్రశ్నార్థకమవుతుంది. అయితే బాక్స్ కనెక్టర్ వానకి తడిసినా, వేడికి పిన్ వదులైనా, బండి లింప్ మోడ్‌లోకి పోతుంది, అంటే ఇంజన్‌ని కాపాడుకోవడానికి పవర్ బాగా తగ్గించేస్తుంది. చట్టం ముందు రెండూ ఒకటే. రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

యాక్సిలరేటర్ పెడల్‌కి తగిలించే పెడల్ బాక్స్ యాక్సిలరేటర్‌ని చురుగ్గా చేస్తుందే తప్ప పవర్ పెంచదు. స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే చౌక చిప్‌లలో లైట్ వెలగడం తప్ప ఏమీ జరగదు.

రీమ్యాప్‌కే మొగ్గితే, ముందు స్కానర్‌తో పాత కోడ్లు, ఇంజెక్టర్ల పరిస్థితి, ఇంటర్‌కూలర్ గొట్టాల లీకులు చూపించుకోండి. ఒరిజినల్ ఫైల్ కాపీ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. సర్వీస్ సెంటర్‌లో అప్‌డేట్ వేస్తే మీ రీమ్యాప్ చెరిగిపోతుంది కాబట్టి ట్యూన్ చేసిన ఫైల్ ట్యూనర్ దగ్గర ఉండాలి. ఫైల్ రాసేటప్పుడు బ్యాటరీకి స్థిరమైన సప్లయ్ తగిలించమనండి, మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఈసీయూ మొరాయించి బండి స్టార్ట్ కాదు. పెట్రోల్ బండికి మీ ఊరి బంకులో రోజూ దొరికే పెట్రోల్‌కి తగ్గ ఫైలే వేయించుకోండి. ఎక్స్‌పీ100 అనే 100 ఆక్టేన్ పెట్రోల్‌కి చేసిన ఫైల్‌తో దూరప్రయాణం పెట్టుకుని మామూలు పెట్రోల్ కొట్టిస్తే, నాక్ (పెట్రోల్ అదుపు తప్పి పేలడం) పసిగట్టే సెన్సర్ వల్ల ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగేసి కొన్న పవర్‌లో చాలావరకు పోతుంది. పని అయ్యాక డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద లాగ్ తీయించి, అడిగిన బూస్ట్‌కీ వచ్చిన బూస్ట్‌కీ తేడా, సిలిండర్‌వారీగా నాక్, లోపలికి వెళ్లే గాలి వేడి చూడండి. ఈ లాగ్ మే నెల మధ్యాహ్నపు ఎండలో తీయించినదైతే ఇంకా నమ్మకం.

మాన్యువల్ బండి అయితే వీటన్నిటికంటే ముందు ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 2,000 ఆర్పీఎం దగ్గర గట్టిగా తొక్కి చూడండి. వేగం పెరగకుండా ఆర్పీఎం ముల్లు ఒక్కటే పైకి లేస్తే క్లచ్ ప్లేట్ అరిగిపోయినట్టే. ముందు అది మార్పించండి, ట్యూనింగ్ సంగతి ఆ తర్వాత.