నేలమాళిగ గేమ్ రూమ్, మూడున్నరేళ్ల తర్వాత: చలువ గురించి నేను చెప్పింది సగమే

2022 మేలో ఈ గది తయారైన కొత్తలో కనిపించిన ప్రతివాడికీ ఒకటే చెప్పేవాణ్ణి, బయట నలభై మూడు డిగ్రీలు మండుతుంటే మా కింద గదిలో ఫ్యాన్ వేసుకుంటే దుప్పటి వెతుక్కోవాలని. దుప్పటి మాట కాస్త ఎక్కువ చేసి చెప్పిందే, ఒప్పుకుంటున్నాను. కానీ రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి నెల్లూరు వీధుల్లో పది నిమిషాలు తిరిగినవాడు ఎవడైనా సరే, పదకొండు మెట్లు దిగి కింద కాలు పెడితే "అబ్బా" అనకుండా ఉండలేడు. మీటర్ పెట్టి చూశాను, పైన హాల్లో ముప్పై ఏడు ఉంటే కింద ముప్పై. ఆ ఏడు డిగ్రీల కోసమే ఇదంతా చేశాం. ఆ చలువే తర్వాత మా కొంప ముంచింది.

ఇల్లు రంగనాయకులపేటలో, మిద్దె ఎక్కితే రంగనాథస్వామి గుడి గాలిగోపురం కనపడేంత దూరం. మా ముత్తాతది ఇత్తడి సామాను వ్యాపారం, దొంగల భయానికి ఇంటి కింద సరుకు దాచుకునే కొట్టు కట్టించుకున్నాడు. మా ఇంట్లో ఎవరూ దాన్ని నేలమాళిగ అనరు, కింద కొట్టు అంతే. టేకు దూలాల మీద కడప బండలు, ఇటుకా సున్నంతో కట్టిన రెండడుగుల మందం గోడలు, వీధివైపు రెండు చిన్న వెంటిలేటర్లు. నా చిన్నప్పుడు అందులో విరిగిన కుర్చీలు, వినాయకచవితి పాలవెల్లి, ఒక తేలు ఉండేవి. ఎప్పుడు చూసినా అదే తేలు అనుకునేవాళ్లం, ఒకటి కాదని ఖాళీ చేసినప్పుడు తెలిసింది.

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు కూడా ఈ కొట్టులోకి వీధి నీళ్లు రాలేదు, గోడల అడుగున చెమ్మ తేలిందంతే. అది చూసే ధైర్యం చేశాం. మొత్తం లక్షా ఎనభై వేల దాకా అయింది, అందులో ముప్పావు వంతు టైల్స్‌కీ కరెంటు పనికీ. ఏం పెట్టామంటే క్యారమ్ బోర్డు, టీవీ, ప్లేస్టేషన్, సోఫా, మూలన డార్ట్స్. టేబుల్ టెన్నిస్ కూడా పెడదామనుకున్నాం గానీ పైకప్పు ఏడున్నర అడుగులే, బంతి కాస్త లేపి కొడితే దూలానికి తగిలి ఎటు పోతుందో దానికే తెలియదు, వారంలో మడిచి పైకి మోశాం. ఇలాంటి గది ఆలోచన ఉన్నవాళ్లు ముందు ఎత్తు కొలుచుకోండి. వెడల్పు, మెట్ల మలుపు కూడా. సోఫా దించడానికి దాని కాళ్లు కోయాల్సి వచ్చింది.

మొదటి ఏడాది ఏ లోటూ లేదు. నిజం చెప్పాలంటే లోటు ఉంది, నేను చూడలేదు. అక్టోబరు వచ్చేసరికి క్యారమ్ బోర్డు మీద బోరిక్ పౌడర్ చల్లితే మంచులా జారాల్సింది పోయి ఉప్మా రవ్వలా ఉండలు కట్టేది. స్ట్రైకర్ కొడితే కాయిన్ సగం దూరం పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయేది. మా వాళ్లు నా కొట్టుడు తగ్గిందన్నారు, నేను పౌడర్ డబ్బా మార్చాను. డిసెంబరు చివరికి మళ్లీ మామూలుగా జారింది కాబట్టి ఆ సంగతి అందరం మరిచిపోయాం.

రెండో ఏడాది ఏసీ పెట్టించాను. ఏసీ అక్కర్లేని గది అని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి ఏసీ ఎందుకు పెట్టించానంటే, ముప్పై డిగ్రీలు ఇద్దరికి చలువే గానీ పన్నెండు మంది కూర్చుని అరిస్తే కాదు. 2023 వరల్డ్ కప్ ఫైనల్ నవంబరు 19న అహ్మదాబాద్‌లో. మధ్యాహ్నం పన్నెండుకే పద్దెనిమిదిలో పెట్టి వదిలేశాం. ఆ మ్యాచ్ గురించి మాట్లాడను. అందరూ మొహాలు వేలాడేసుకుని వెళ్లాక ఏసీ ఆపి తాళం వేశాను. పొద్దున గది వాసన పోవాలని తలుపు, రెండు వెంటిలేటర్లు బార్లా తెరిచి పెట్టి పాలకి వెళ్లొచ్చేసరికి టైల్స్ మీద నీళ్లు. మడుగు కాదు, తడిబట్టతో తుడిచి ఆరకముందే వదిలేసినట్టు, గది అంతా సమానంగా. మా బాబు జర్రున జారి సోఫా అంచుకి గడ్డం కొట్టుకున్నాడు, రెండు కుట్లు.

ఊట అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. పెన్నా పక్కన ఇల్లు, నవంబరు నెల, ఇంకేం అనుకుంటాం? వాటర్‌ప్రూఫింగ్ చేసే కాంట్రాక్టరు ఒకాయన వచ్చి గోడ మీద వేలితో తట్టి, తల అడ్డంగా ఊపి, "సార్, ఇది వదిలేస్తే ఇల్లు కూర్చుంటుంది" అన్నాడు. ఇల్లు కూర్చుంటుందని విన్నాక ఏ సంసారి నిలబడగలడు? సరిగ్గా రెండు వారాలకి మిచౌంగ్ తుపాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మాకు వాన విరగబడింది, కరెంటు పోయింది, ఈసారి నిజంగానే పడమటి మూల నుంచి నీళ్లు ఊరి చీలమండ దాకా నిలిచాయి. స్పీకర్ ఒకటి పోయింది. ప్లేస్టేషన్ టీవీ స్టాండు మీద ఉంది కాబట్టి బతికింది. దాంతో కాంట్రాక్టరు చెప్పిందే వేదమైపోయింది, సంక్రాంతి తర్వాత అరవై ఐదు వేలు పోసి నాలుగు గోడలకీ కెమికల్ కలిపిన సిమెంటు పూత, దానిమీద రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించాను. ఏడేళ్ల గ్యారెంటీ అని కాగితం ఇచ్చాడు. ఎనిమిది నెలలకి పడమటి గోడ మీద పెయింటు అప్పడంలా పొంగింది. వేలితో నొక్కితే పటుక్కున పగిలి లోపలినుంచి నీళ్లు కారాయి, వెనకాల తెల్లగా దూది నూగు లాంటిది. నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. ఫోన్ చేస్తే "మీ గోడ పాతది సార్" అన్నాడు. గోడ పాతదని ఆయనకి డబ్బులు తీసుకునే రోజున తెలియదు పాపం.

అసలు సంగతి తేల్చింది పాత మిద్దెలకి సున్నం పని చేసే ఒక పెద్ద మేస్త్రీ. వరండా కారుతోందని పిలిస్తే వచ్చాడు, పనిలో పనిగా కింద చూపించాను. ఆయన గోడ తట్టలేదు, తల ఊపలేదు. "పాలిథిన్ పట్ట ఉందా, అబ్బయా?" అన్నాడు. పరుపుకొచ్చిన కవరు ఉంటే ఇచ్చాను. దాన్ని అడుగున్నర ముక్కలుగా కోయించి, నేల మీద రెండు, ఒక్కో గోడకి అడుగు ఎత్తులో ఒకటి, నాలుగు అంచులా గాలి దూరకుండా టేపు వేయించాడు. తడి గోడకి టేపు పట్టదు, ముందు హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాల్సి వచ్చింది, మా ఆవిడ ఆ డ్రయ్యర్‌ని ఇప్పటికీ తలకి వాడదు. "రోజూ ఎట్టా వాడతావో అట్టాగే వాడు, రేపు ఈ వేళకి చూద్దాం" అని వెళ్లిపోయాడు.

రాత్రి ఎప్పట్లాగే ఏసీ వేసి ఆడుకున్నాం, పొద్దున ఎప్పట్లాగే తలుపులు తీశాను. నేల మీది రెండు ముక్కలకీ పైన బొట్లు బొట్లుగా నీళ్లు, విప్పి చూస్తే కింద టైలు పొడిగా ఉంది. మూడు గోడల మీద ముక్కలు రెండు వైపులా దాదాపు పొడే. పడమటి గోడ ముక్కకి మాత్రం లోపలివైపు వాన పడిన కిటికీ అద్దంలా కారుతున్న చినుకులు. అంటే పడమటి గోడలోది నేలలోంచి వచ్చే ఊట, నేల మీది నీళ్లు నేలలోంచి రానే లేదు. గాలిలోంచి వచ్చాయి. చల్లని మజ్జిగ చెంబు బయట చెమర్చినట్టు, రాత్రంతా ఏసీతో చల్లబడిన టైల్స్ మీదికి పొద్దున నేనే మా ఊరి జిడ్డు గాలిని పిలిచి కూర్చోబెట్టాను. మేస్త్రీ అది చూసి, "చెంబుకి చిల్లు పడిందా, చెమర్చిందా అని చూడకుండా మాటేయిస్తే ఎట్టా అబ్బయా" అన్నాడు. ఇత్తడి వ్యాపారి మునిమనవణ్ణి, నాకు ఆ మాట ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

తలుపులు తీస్తే ఆరుతుందనేది మన చేతికి పట్టిన అలవాటు. పై గదులకి సరే. నేలలోపలి గదికి అది కాలాన్ని బట్టి. ఇప్పుడు తేమ చూపించే చిన్న మీటరు ఒకటి గోడకి తగిలించాను, మూడు వందలు. అరవై అయిదు శాతం లోపు ఉంటే ఎవరూ పట్టించుకోం, ఎనభై దాటితే క్యారమ్స్ మూసేసి టీవీ ఆటే. ఏసీ ఇరవై ఆరు కంటే కిందికి దించను, వానాకాలంలో డ్రై మోడ్. ఆపిన వెంటనే తలుపు తీయను, ఎండ బాగా ఎక్కాక, బయటి తేమ తగ్గాక తీస్తాను. తేమ లాగే మిషన్ కూడా కొన్నాను, పద్నాలుగు వేలు, అక్టోబరులో రోజుకి రెండు మూడు లీటర్లు తీస్తుంది, ఆ డబ్బా పారబోయడం మా బాబు డ్యూటీ. మిషన్ చప్పుడు మాత్రం పాత ఫ్రిజ్‌లా ఉంటుంది, చదరంగం ఆడేవాళ్లకి చిరాకు.

పడమటి గోడకి వేసిందంతా మూడడుగుల ఎత్తు దాకా గీకించి సున్నం పూత వేయించాం. ఊట ఆగలేదు, ఆగదు కూడా, కానీ ఇప్పుడు పెచ్చుల వెనక దాక్కోకుండా గోడ మీదికి వచ్చి ఆరిపోతోంది. ఉప్పు నూగు ఏడాదికోసారి కొబ్బరి చీపురుతో ఊడ్చుకోవాలి. ఆ మూలన రెండడుగుల సంపు తీసి నీళ్లు పెరిగితే దానంతటదే ఆన్ అయ్యే ఫ్లోట్ స్విచ్ ఉన్న చిన్న పంపు పెట్టాను, దాన్ని ఇన్వర్టర్‌కి కలిపాను. మిచౌంగ్‌కి ఇన్వర్టర్ మీద పైన ఫ్యాన్లు, దోమల బ్యాటు ఛార్జింగూ నడిచాయి, కింద గది మునిగింది, అది నా తెలివి. మొన్న 2025 అక్టోబరు మొంథా తుపాను వానలకి పంపు రాత్రి నాలుగైదు సార్లు దానంతటదే తిరిగింది, చప్పుడు వింటూ పడుకున్నాను. ఒక్క తుపానుకి పని చేసిందని పూర్తిగా నమ్మేశానని కాదు, ఫ్లోటుకి జుట్టు చుట్టుకున్నా ఆగిపోయే సామాను అది.

టైల్స్ మీద మాత్రం నా కోపం పోలేదు. కాంట్రాక్టర్ల మీద కాదు, అది నా సొంత పని. కింద పాత కడప బండల మీద నేరుగా టైల్స్ పరిపించాను, నున్నగా కనపడాలని. చివరి మెట్టు ఒక్కటే టైల్ వేయకుండా మిగిలింది, కొలత చాలక. దాని మీద ఉలితో గీసిన పులిజూదం గళ్లు ఉన్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు, ఇప్పటికీ ఆడుకోవచ్చు. ఇత్తడి బిందెలు కాపలా కాసినవాడెవడో పొద్దుపోక గీసుకున్నట్టున్నాడు. నేల మీద ఇంకెన్ని ఉండేవో, సిమెంటు కింద పడ్డాయి. ఖాళీ చేసిన రోజున దుమ్ము కడిగి చూసి ఉంటే కనపడేవి, తేలు భయానికి ఎవరం వంగలేదు.

ఇక ఎవరు వాడుతున్నారు అంటే, పిల్లల కోసం కట్టిన గదికి మధ్యాహ్నం పూట మా అవ్వ, పక్కింటి ఇద్దరు ముసలమ్మలు దిగుతున్నారు. మెట్లకి రెయిలింగ్ వేయించమని అడిగింది కూడా అవ్వే, అది వేయించాక ఆపేవాళ్లు లేరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అష్టాచెమ్మా, వానగుంటలు. గవ్వలకి తేమ లెక్కలేదు, చింతగింజలకీ లేదు. "ఏసీ తియ్‌రా అబ్బయా, కీళ్లు పడతన్నాయి" అని అవ్వ అరిస్తే పిల్లలు రిమోట్ దాచేస్తారు. ఉబ్బిన పాత క్యారమ్ బోర్డు ఇప్పుడు మిద్దె మీద ఉంది, మా అమ్మ దాని మీద వడియాలు పెడుతోంది. కొత్త బోర్డు ఆట అయ్యాక పైకి మోసుకుపోతాం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కింద ఉంచం.

పనికొచ్చిందా అని అడిగితే, మాకు వచ్చింది. కొట్టు ముందే ఉంది, గోడలు రెండడుగులు, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి డబ్బా పారబోయడానికి, సంపు చూడటానికి మనుషులున్నారు. అద్దెకిచ్చి ఊరు వదిలి ఉండేవాళ్లయితే నేను చెప్పను. మాగుంట లేఅవుట్‌లో ఇల్లు కడుతున్న మా బావమరిది కొత్తగా తవ్విస్తానని తిరుగుతున్నాడు. పది లక్షల మాట అంటున్నాడు, వద్దని చెప్పాను, మేలో తీసుకొచ్చి కింద కూర్చోబెట్టింది నేనే కాబట్టి నా మాట వినట్లేదు. ఈ నవంబరులో ఒకసారి రమ్మన్నాను, బోర్డు వేసి పౌడర్ చల్లి ఉంచుతాను.