"ర్యామ్ తర్వాత వేసుకోవచ్చు సార్" అంటే నమ్మి ఆర్డర్ ఇవ్వకండి

బిజినెస్ ల్యాప్‌టాప్ కొనబోతున్నవాళ్లు ఆర్డర్ ఇచ్చే ముందు ఇది చదవండి. కోపం ఇంకా తగ్గలేదు, తగ్గేదాకా ఆగితే ఈలోగా ఇంకొకరు బలవుతారని ఇప్పుడే రాస్తున్నాను.

డీలర్ పేరు రాయను. కొటేషన్ అడగ్గానే పంపేసి, డబ్బు కట్టేదాకా రోజూ ఫోన్ చేసే రకం, మీకూ తగిలే ఉంటారు. మోడల్ ఖాయం చేసుకున్నాక ఆప్షన్ల దగ్గర ఆగాను. ర్యామ్ 16 జీబీనా, 32 జీబీనా? నా పనంతా పెద్ద ఎక్సెల్ ఫైళ్లు, పొద్దస్తమానం వీడియో మీటింగులు, వాటికి తోడు ఒక పాత సాఫ్ట్‌వేర్ కోసం వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచేది). 32 తీసుకుందామనే అనుకున్నాను. అతను చాట్‌లో రాసిన జవాబు ఇది: "ఇప్పుడే అంత ఎందుకు సార్, 16 తీసుకోండి. కావాలంటే తర్వాత ఇంకో స్టిక్ వేసుకోవచ్చు." ఆ మాట మీదే 16కి ఒప్పుకున్నాను.

అనుకున్నట్టే వర్చువల్ మెషీన్ తెరిచి, పక్కన మీటింగ్ పెడితే చాలు, ల్యాప్‌టాప్ నత్తలా పాకుతోంది. సరే, ఇంకో స్టిక్ వేయిద్దామని తీసుకెళితే, టెక్నీషియన్ కింది కవర్ విప్పి నాకే చూపించాడు. ర్యామ్ స్టిక్ గుచ్చే స్లాటే లేదు. అందులో ఉన్నది ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ అనే రకం ర్యామ్, దాని చిప్పులు మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసి (ఊడదీయలేకుండా అతికించి) ఉన్నాయి. అంటే ఈ ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్లూ 16 జీబీయే. రేపు ఆ ర్యామ్ పాడైతే మార్చాల్సింది స్టిక్ కాదు, మొత్తం బోర్డు!

అక్కడి నుంచే డీలర్‌కి ఫోన్ చేశాను. ముందు "అలా నేనెప్పుడు చెప్పాను సార్?" అన్నాడు. చాట్ తీసి అతని మాటలు అతనికే చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "అది జనరల్‌గా చెప్పాను సార్. మోడల్‌ని బట్టి మీరే చూసుకోవాలి. నిజంగా 32 అవసరమైతే అప్పుడే తీసుకునేవారు కదా" అన్నాడు. 32 అడిగిన నన్ను 16కి దించింది ఇతనే! నష్టం కన్నా ఆ నవ్వే ఎక్కువ మండించింది. వెనక్కి తీసుకోమంటే, మీ కోసం ప్రత్యేకంగా కాన్ఫిగర్ చేయించిన ఆర్డర్, రిటర్న్ ఉండదన్నాడు. పైగా దీన్ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసి 32 జీబీది కొనుక్కోమని సలహా. అమ్మేటప్పుడు తెలియదంటే ఒప్పుకుంటాను. తెలియనివాడు "వేసుకోవచ్చు" అని ఎందుకు రాయాలి?

అనుమానం వచ్చి మిగతావీ చూశాను. ఫోన్‌లో "మూడేళ్లు ఆన్‌సైట్" (టెక్నీషియనే మన దగ్గరికి వచ్చి బాగుచేసేది) అన్న వారంటీ, సీరియల్ నంబర్ కొట్టి కంపెనీ సైట్‌లో చూస్తే క్యారీ-ఇన్ అని ఉంది. అంటే పాడైతే మనమే మోసుకెళ్లాలి. స్క్రీన్ కూడా వెలుగు తక్కువున్న 250 నిట్స్ (వెలుగు కొలత), రంగులు తక్కువ చూపించే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత) ప్యానెల్. కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాలు కనిపించడం కష్టం, రంగులు వెలిసిపోయినట్టుంటాయి. కొటేషన్‌లో మాత్రం వెలుగు, రంగుల ఊసు లేకుండా "ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్" అని రాసి వదిలేశాడు.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి. డీలర్ కొటేషన్ పక్కన పెట్టి, అదే మోడల్‌కి తయారీ కంపెనీ ఇచ్చే స్పెక్ షీట్ తెరవండి. మెమరీ (ర్యామ్) దగ్గర సోడిమ్ స్లాట్లు, అంటే స్టిక్ గుచ్చే చోట్లు, ఎన్నో రాసి ఉంటే మార్చుకోవచ్చు. ఎల్‌పీడీడీఆర్ అనో సోల్డర్డ్ అనో ఉంటే కొనేటప్పుడే సరిపడా తీసుకోండి. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ చిప్పులున్న వాటిలోనైతే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది, 16 లేదా 32, అంతే. ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డ్రైవ్) మాత్రం చాలా బిజినెస్ మోడళ్లలో తర్వాత మార్చుకోవచ్చు, పొడవు 2280నా, 2242నా, 2230నా (చివరి రెండంకెలే మిల్లీమీటర్లలో పొడవు) అన్నది ముందే తెలుసుకుంటే చాలు. అందుకే డబ్బు సరిపోకపోతే ఎస్ఎస్‌డీ తగ్గించుకోండి, ర్యామ్, స్క్రీన్ తగ్గించుకోవద్దు. సిమ్ వేసుకుని నెట్ వాడాలనుకుంటే ఆ ఆప్షన్ ఫ్యాక్టరీలోనే పెట్టించుకోండి. చాలా మోడళ్లలో అది తీసుకోకపోతే లోపల యాంటెన్నా వైర్లే ఉండవు. వారంటీ మూడేళ్లయినా బ్యాటరీకి చాలాచోట్ల ఒక్క ఏడాదే, అదీ అడగండి.

ఇప్పటికే ఆర్డర్ ఇచ్చేసి డెలివరీ కోసం చూస్తున్నవాళ్లుంటే, స్లాట్లు ఎన్ని, వారంటీ ఏ రకం, స్క్రీన్ ఎన్ని నిట్స్ అని ఈ రోజే ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్తామంటే ఒప్పుకోవద్దు. రాతలో జవాబు ఇవ్వకపోతే, మెషీన్ బయల్దేరకముందే ఆర్డర్ రద్దు చేసుకోండి.