మెరవని కాగితం మీద మా వంటిల్లు: హానెమ్యూలె ఫోటో రాగ్ 308

మా తెనాలిలో ఫోటో ప్రింటంటే మెరవాలి. పైన లామినేషన్ పడాలి, జరీ తళతళలాడాలి, అమ్మాయి బుగ్గ నున్నగా ఉండాలి. పెళ్లి ఫోటోలు తీసి, కరిజ్మా ఆల్బంలు చేసి పొట్టపోసుకునేవాణ్ణి, కస్టమరు అడిగింది ఇవ్వడమే నా పని. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గనక, ఇంట్లో నాకోసం తీసుకున్న ఫోటోలు కొన్ని ఏరి హైదరాబాదులో ఒక ప్రింటింగ్ స్టూడియోకి పంపి హానెమ్యూలె ఫోటో రాగ్ అనే మెరుపులేని కాగితం మీద వేయించాను. రాసేది కాగితం గురించే, స్టూడియో సంగతి కాదు.

ముందు సరుకు వివరం. హానెమ్యూలె జర్మనీ మిల్లు, 1584 నుంచి కాగితం చేస్తోంది. ఫోటో రాగ్ నూటికి నూరుపాళ్లూ పత్తి, కొయ్యగుజ్జు కలవదు. చదరపు మీటరుకు 308 గ్రాములు. మనం జెరాక్సుకు వాడేది 75 గ్రాములు, కాబట్టి మందం మీరే ఊహించుకోండి. ఇంక్‌జెట్ ప్రింటర్లకే ఇది పనికొస్తుంది. మన పెళ్లి ల్యాబుల్లో మామూలుగా ఉండే మిషన్లు కాగితం మీద వెలుతురు పడేసి రసాయనాల్లో కడిగే రకం, వాటికి ఇది ఎక్కదు. అందుకే మా ల్యాబు కుర్రాణ్ణి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

మొదట వేయించింది వంటింటి కిటికీ. అమ్మ పొద్దున్నే తోమి గట్టు మీద బోర్లించిన ఇత్తడి చెంబు, దాని పక్కన కొబ్బరిపీచు, వెనకాల మసిబారిన గోడ. ఫోనులో చూస్తే చెంబు అంచు తప్ప మిగతాదంతా చీకటి. కాగితం మీద ఆ చీకటి విడివడింది. పొయ్యి పైన దట్టమైన మసి, జల్లెడ తగిలించిన మేకు చుట్టూ కొంచెం పలచన, సున్నం పెచ్చు ఊడినచోట బూడిదరంగు. చెంబు మెడ దగ్గర నీటిచుక్క ఎండిన తెల్లమరక కూడా కనిపిస్తోంది. తీసినవాణ్ణి నేనే, ఆ మరకని ప్రింటులోనే చూశాను. అదే ఫైలు గ్లాసీ, అంటే మెరిసే కాగితం మీద వేయించి పక్కన పెట్టి చూశా. రంగులు గట్టిగానే ఉన్నాయి, కానీ గోడకి ఆనిస్తే చెంబు కన్నా మా ట్యూబులైటే బాగా కనపడింది. ఫోటో రాగ్‌ని ఏ మూల నించుని చూసినా ఆ బాధ లేదు.

లోపం కూడా చెప్పాలి. నలుపు అసలు నలుపంత దిగదు. మెరుపులేని కాగితాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది, గ్లాసీతో పోలిస్తే లోతు తక్కువ. మానిటర్ మీద చూసి మురిసిపోయి పంపితే నీడలన్నీ ముద్దయిపోతాయి. మిల్లువాళ్లే తమ సైటులో చాలా ప్రింటర్లకి ఐసీసీ ప్రొఫైలు, అంటే ఆ ప్రింటరు ఈ కాగితం మీద రంగులెలా వేస్తుందో చెప్పే ఫైలు, ఉచితంగా పెట్టారు. దాన్ని ఫోటోషాపులో వేసుకుని సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే ముందుగా చూపేది) చూడండి, నీడల్ని కాస్త ఎత్తి పంపండి. ఈ ఒక్క పనికి బద్ధకిస్తే డబ్బు దండగ. ఎర్ర కంచిపట్టులో పెళ్లికూతురి ఫోటో కూడా ఒకటి వేయించాను. చెంబుకి అంత అందం తెచ్చిన కాగితమే ఆ చీర దగ్గర చప్పబడిపోయింది. జరీ జరీలా లేదు, పసుపు గీతలా ఉంది. పెళ్లి పనికి ఇది వద్దు, నా మాట వినండి.

ప్రేగ్‌లో జోసెఫ్ సూడెక్ అని ఒక ఫోటోగ్రాఫరు ఉండేవాడు (1896–1976). మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోయింది. 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీనే మళ్లీ మళ్లీ తీశాడు, ఆవిరి పట్టిన అద్దం, గట్టు మీద ఓ గ్లాసు, బయట వంకర చెట్టు. ఎప్పుడో ఆ ఫోటోలు కంప్యూటర్లో చూసి ఇందులో ఏముందిరా అనుకుని వదిలేశాను. మా వంటింటి ప్రింటు చేతికొచ్చాక మళ్లీ తీసి చూశా, ఆయన దేనికోసం అన్నేళ్లు అక్కడే కూర్చున్నాడో కొంత తలకెక్కింది. ఇప్పుడు నాకూ స్టూడియో తలుపు షట్టరు సందులోంచి గచ్చు మీద పడే గీత, మడిచిపెట్టిన బ్యాక్‌డ్రాప్ గుడ్డ, జనం భోజనాలకి లేచాక మండపంలో మిగిలిన పీటలు కంటపడుతున్నాయి. ఇది ఆ కాగితం మీద ఎలా వస్తుందా అన్న ఆలోచనే ముందొస్తోంది.

సైజు గురించి చాలామంది అడుగుతుంటారు. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైలు 6000 × 4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున వేస్తే 20 × 13 అంగుళాలు, అంటే ఏ3 ప్లస్‌కి (13 × 19) సరిపోయింది. 12 మెగాపిక్సెల్ ఫోను ఫోటో అయితే ఏ4 దగ్గర ఆగండి.

ధర మాత్రం గుండె పట్టుకోవాల్సిందే. 12 × 18 మామూలు ప్రింటు మా ల్యాబులో వందలోపు, ఇది ఏ3 ప్లస్‌కి వెయ్యి దాటింది. "చెంబు బొమ్మకి ఇంత తగలేశావా నాయనా, ఆ డబ్బుతో చెంబే వచ్చేది కదా" అంది అమ్మ. స్టూడియో గోడకి పెడితే కస్టమరొకాయన దగ్గరికెళ్లి వేలితో రుద్దబోయి, "ఏంటండీ, దీనికి లామినేషన్ వేయించడం మర్చిపోయారా?" అన్నాడు. ఆ వేలిని గాల్లోనే పట్టుకున్నాను. ఈ కాగితం పైపొర చాలా సుకుమారం, గోరు తగిలితే గీత పడుతుంది, చెమటచెయ్యి పడితే మరక మిగులుతుంది. నూలు గ్లవుజులు వేసుకుని అంచులు పట్టుకోండి.

ఫ్రేము కట్టేవాడికి ముందే గట్టిగా చెప్పండి. మన దగ్గర అలవాటుగా వెనకంతా ఫెవికాల్ పూసి హార్డుబోర్డుకి అంటించేస్తారు. అది కూడదు. యాసిడ్ లేని మౌంట్ బోర్డు పెట్టి, ప్రింటుకీ అద్దానికీ మధ్య ఖాళీ ఉంచాలి, లేకపోతే వానాకాలం తేమకి అద్దానికి కరుచుకుంటుంది.

నీడలూ, పొద్దుటి వెలుతురూ ఉన్న ఫోటోలు మీ దగ్గరుంటే ఒక్కటి, చిన్న సైజులో, వేయించి చూడండి. నలుపు ఇంకా దిగాలనుకునేవాళ్లకి ఇదే మిల్లుది ఫోటో రాగ్ బెరైటా ఉంది, 315 గ్రాములు, అదీ పత్తే, కాస్త మెరుపుంటుంది. ఆ కంచిపట్టు పెళ్లికూతురి ఫైలు దానికోసం సిద్ధం చేసి పెట్టాను. వాళ్ల నాన్నగారు ఆల్బం బాకీ తీర్చాక పంపుతాను.