క్లోట్రిమజోల్ క్రీమ్: మా మనవరాలి డైపర్ ర్యాష్‌కి రెండు వారాలు వాడాక

మా మనవరాలికి ఎనిమిదో నెల. మే నెలలో అమ్మాయి పిల్లను తీసుకుని హైదరాబాద్ నుంచి మా ఇంటికి, విజయవాడ సత్యనారాయణపురం వచ్చింది. వచ్చిన వారానికే పిల్లకి చెవి నొప్పి, జ్వరం. యాంటీబయాటిక్ సిరప్ వాడితే చెవి తగ్గింది గానీ విరేచనాలు పట్టుకున్నాయి. ఆ వెనకే డైపర్ కట్టే చోట ఎరుపు మొదలైంది. చివరికి దాన్ని తగ్గించింది క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందు ఉన్న 1 శాతం క్రీమ్. అయితే ఆ ట్యూబు దగ్గరికి చేరేసరికి మాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా పిల్ల పడిన బాధ ఇంకో ఇంట్లో పిల్ల పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఎండాకాలం ఒరుపులు, చెమటకాయలు నాకు కొత్త కాదు. అందుకే మొదట కొబ్బరినూనె రాశాను, పౌడర్ చల్లాను. అమ్మాయి జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాసింది. మామూలు ర్యాష్ అయితే మూడు రోజుల్లో దారికి రావాలి. ఇది నాలుగో రోజుకి ఇంకా ముదిరింది. కడగడానికి నీళ్లు పోస్తే చాలు, పిల్ల కాళ్లు బిగబట్టి గుక్కపట్టి ఏడ్చేది.

అప్పుడు మందుల షాపుకి వెళ్లి చెప్పాను. కౌంటర్లో అబ్బాయి ఒక ట్యూబు ఇచ్చి, "ఇది రాయండి ఆంటీ, రెండు రోజుల్లో పోద్ది" అన్నాడు. నిజంగానే రెండు రోజుల్లో ఎరుపు పలచబడింది. హమ్మయ్య అనుకున్నాం. మూడో రోజుకి మళ్లీ లేచి, ఈసారి తొడల మీదికీ పొట్ట కిందికీ పాకింది. ఇక ఆగలేక సూర్యారావుపేటలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం.

డాక్టరమ్మ ముందు ఆ ట్యూబు చేతిలోకి తీసుకుని చూశారు. అందులో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా ఉంది. స్టెరాయిడ్ ఎరుపును అణచేస్తుంది, కానీ అడుగున ఫంగస్ పెరగడానికి వీలిస్తుంది. పైగా పసిపిల్లల చర్మం పలచన. దానిమీద మందు రాసి డైపర్ కడితే గాలాడక, మందు మామూలుగా కన్నా ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుందట. వింటుంటే నాకు చెమటలు పట్టాయి.

తర్వాత పిల్లను పడుకోబెట్టి మాకే చూపించారు. "అమ్మా, ఈ గజ్జల మడత విప్పి చూడండి" అన్నారు. మడత లోపల పచ్చిమాంసంలా ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. తడి, మలమూత్రాల వల్ల వచ్చే మామూలు ర్యాష్ డైపర్ ఒరుసుకునే ఎత్తు భాగాల్లో, అంటే పిర్రల మీద, తొడల మీద వస్తుంది. మడతల లోపల చర్మం చాలావరకు బాగానే ఉంటుంది. ఈస్ట్ అనే ఫంగస్ వల్ల వచ్చే ర్యాష్ మడతల్లోనే కాపురం పెడుతుంది. దాని అంచు గీత గీసినట్టు స్పష్టంగా తెలుస్తుంది. ఆ అంచు దాటాక విడివిడిగా చిన్న చిన్న ఎర్రటి పొక్కులు కూడా ఉంటాయి. అవి మాకు ముందే కనిపించాయి, చెమటకాయలనుకున్నాం.

నోట్లో టార్చి వేసి కూడా చూశారు. ఇదే ఫంగస్ నోట్లో తెల్లటి పూతలా రావచ్చట. పాల పూత తుడిస్తే పోతుంది, అది పోదు. మా పిల్లకి నోరు శుభ్రంగానే ఉంది. దీనికి కారణం కాండిడా అనే ఈస్ట్. అది మన ఒంట్లో ఎప్పుడూ కొంత ఉండేదే. యాంటీబయాటిక్ వాడితే దాన్ని అదుపులో ఉంచే మంచి బ్యాక్టీరియా తగ్గిపోతుంది. దానికి డైపర్ లోపలి తడి, బెజవాడ మే నెల ఉక్క తోడయ్యాయి. టెస్టులేమీ రాయలేదు, చూసే చెప్పారు.

ఇక డాక్టరమ్మ చెప్పిన క్లోట్రిమజోల్ క్రీమ్ సంగతి. తెల్లగా, పెద్దగా వాసన లేకుండా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక పలచగా రాయమన్నారు, పూటకొకసారి చొప్పున రోజుకి రెండుసార్లు. మడతల్లోకి, అంచు దాటి ఆ పొక్కుల మీదికి కూడా. అది ఇంకాక పైన జింక్ క్రీమ్ మందంగా. మొదటి రోజు రాస్తుంటే ఏడ్చింది. మూడో రోజుకి ఏడుపు తగ్గింది. ఆరో రోజుకి పొక్కులు మాయమై చర్మం లేత గులాబీ రంగుకి వచ్చింది. "ఇంక ఆపేద్దామా అమ్మా?" అంది అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. పైకి తగ్గినా ఇంకొన్నాళ్లు రాయాలని, లేకపోతే మళ్లీ వస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. మొత్తం రెండు వారాలు రాశాం. మళ్లీ రాలేదు.

క్రీమ్ ఒక్కటే చేసిన పని కాదిది. పౌడర్ మానేశాం, ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందట. వాసన వచ్చే వైప్స్ మానేశాం. రాత్రికి మాత్రమే డైపర్, అదీ ఒక సైజు పెద్దది. పగలు రబ్బరు షీటు మీద గుడ్డ పరిచి గాలికి వదిలేసేవాళ్లం. వస్త్రలత బట్టల మార్కెట్లో మెత్తటి కాటన్ గుడ్డ తెచ్చి నేనే గోచీ గుడ్డలు కుట్టాను. వాడినవి మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి, డాబా మీద ఎర్రటి ఎండలో ఆరేసేదాన్ని. రాసిన ప్రతిసారీ ముందూ వెనకా సబ్బుతో చేతులు కడుక్కున్నాం.

లోటు అంటే ఒక్కటే, అది మందుది కాదు, పేర్లది. దాదాపు ఒకే పేరుతో, చివర ఒక అక్షరం తేడాతో స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు ఉంటాయి. కొనేముందు ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోట్రిమజోల్ ఒక్కటే ఉండాలి. బెటామెథసోన్, క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ అని ఏది కనిపించినా వెనక్కి ఇచ్చేయండి. కొందరు డాక్టర్లు మైకోనజోల్ గానీ నిస్టాటిన్ గానీ రాస్తారు, అవీ ఈ ఫంగస్‌కి వాడే మందులే. ధర కూడా మనకి భారం కాదు, జన ఔషధి షాపుల్లో ఇంకా తక్కువ.

జ్వరం ఉన్నా, చీము గానీ నీటి బుగ్గలు గానీ కనిపించినా, పిల్ల నెలలోపుదైనా క్రీమ్ కోసం వెతకకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రాయడం మొదలుపెట్టిన మూడు నాలుగు రోజుల్లో మార్పు లేకపోయినా అంతే.

అయిదుకి అయిదు ఇస్తున్నాను. నిన్న డాబా మీద గుడ్డలు తీస్తుంటే పిల్ల పాకుకుంటూ వచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లేచి నిలబడింది. ఈ క్రీమ్ మొదలుపెట్టక ముందు కాళ్లు కదపడానికే ఏడ్చేది.