కాంతి స్విచ్: సిలికాన్ తీగా, రంధ్రాల స్ఫటికమా?

చిప్‌లో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతిని దారి మళ్లించాలి. దేనితో?

చోటు: మామూలు సిలికాన్ తీగతో (కాంతిని మోసే సన్నని బాటతో) చేసే, వేడితో నడిచే మాక్-జెండర్ స్విచ్ (కాంతిని రెండు దారుల్లోకి చీల్చి మళ్లీ కలిపేది) తరచూ వందల మైక్రోమీటర్లు ఆక్రమిస్తుంది. ఫోటానిక్ స్ఫటికంలోనైతే సిలికాన్ పలకలో సుమారు 400 నానోమీటర్ల ఎడంతో రంధ్రాలు తొలుస్తారు. తొలవకుండా వదిలిన వరుసే కాంతికి బాట. అందులో కాంతిది నత్తనడక. నెమ్మదిగా వెళ్లే కాంతిపై కొద్ది దూరంలోనే తగినంత ప్రభావం పడుతుంది, అందుకే పదుల మైక్రోమీటర్లు చాలు. 2005లో ఐబీఎం పరిశోధకులు ఆ వేగాన్ని శూన్యంలో కాంతి వేగంలో 300వ వంతు కంటే తక్కువకు దించారు.

నష్టం: తీగదే గెలుపు. నడక మందగించేకొద్దీ రంధ్రాల అంచుల గరుకుదనం కాంతిని చెదరగొడుతుంది.

తయారీ: రంధ్రం కొన్ని నానోమీటర్లు అటూఇటూ అయితే పనిచేసే తరంగదైర్ఘ్యమే జరిగిపోతుంది. (ఇదే అసలు తలనొప్పి.)

పలు తరంగదైర్ఘ్యాలు కలిసి వెళ్లే డేటా సెంటర్‌కు తీగే మేలు. తరంగదైర్ఘ్యాల సన్నని పట్టీ చాలు, చోటే కరువు అన్నప్పుడు స్ఫటికం.