చదవడానికా, దాచుకోవడానికా? వన్ టౌన్‌లో అమ్మ బైబిల్ బైండింగ్

వైజాగ్‌లో పాత బైబిల్ ఎక్కడ బైండింగ్ చేయించావని మా చర్చి సంఘంలో ఇప్పటికే నలుగురైదుగురు అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కొట్టు వన్ టౌన్‌లో, పూర్ణా మార్కెట్ దాటి పాత పోస్టాఫీసు వైపు వెళ్ళే సందుల్లో ఉంది. బోర్డు లేదు. తన పేరు రాయొద్దని మేస్త్రి గారే అన్నారు, ఉన్న పనే తెమలడం లేదట. మార్కెట్లో బైండింగ్ మేస్త్రి అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

ముందు పుస్తకం సంగతి చెప్పాలి. 1983 డిసెంబర్‌లో అమ్మ పెళ్ళికి మా తాతయ్య ఇచ్చిన తెలుగు బైబిల్ అది. అమ్మ నర్సు. నైట్ డ్యూటీ అయినా డే డ్యూటీ అయినా రోజుకి ఒక అధ్యాయం చదివి, ఆ అధ్యాయం అంకె పక్కన ఖాళీలో పెన్సిల్‌తో చిన్నగా తేదీ వేసేది. బైబిల్లో మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున ఒక్కసారి పూర్తి కావాలంటే మూడేళ్ళ మూడు నెలలు పడుతుంది. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం చివరి పేజీలో పదకొండు గీతలున్నాయి. పన్నెండోసారి చదువుతూ 73వ కీర్తన దగ్గర ఆగింది. ఆ తేదీ 2025 ఫిబ్రవరిది, ఆ వారంలోనే అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళింది.

నేను ఆ పుస్తకాన్ని ఆర్నెల్లు ముట్టుకోలేదు. ఆగస్టులో బీరువా సర్దుతుంటే చేతిలోకి తీసుకున్నాను, వెన్ను ఊడిపోయి ఆదికాండము మొత్తం ఒక దొంతరగా జారి కింద పడింది.

ఇంతకుముందు ఒకసారి, పదేళ్ళ కిందట, దీన్ని వేరే చోట బాగు చేయించాం. ఆ కొట్టు పేరు అనవసరం. వాళ్ళు చేసిందల్లా వెన్ను మీద జిగురు పోసి, కొత్త అట్ట అతికించి, అంచులు సమానంగా రావాలని మూడు వైపులా కటింగ్ మెషిన్‌లో పెట్టి కోసెయ్యడం. చూడటానికి కొత్త పుస్తకంలా ఉంది. ఇంటికొచ్చి తెరిచాక అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. అంచుతో పాటు తేదీలు కూడా కోతలో పోయాయి, కొన్నిటికి సంవత్సరం లేదు, కొన్నిటికి నెల వరకే ఉంది. అమ్మ వాళ్ళతో గొడవ పెట్టుకోలేదు, మర్నాడు పొద్దున్న మళ్ళీ పెన్సిల్ తీసింది. కానీ ఆ రోజు నుంచి నాకు బైండింగ్ అంటేనే భయం, ఈసారి పుస్తకం ఎవరి చేతిలోనైనా పెట్టాలంటే నిజంగా టెన్షన్ పడ్డాను.

మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. పది అడుగుల గది, గోడ వారగా ఇనప ప్రెస్, మూలన స్టవ్ మీద మైదా జిగురు గిన్నె. నేను సంచిలోంచి పుస్తకం తీయబోతే ఆగమని చెయ్యి చూపించి, బయట కుళాయి దగ్గరకెళ్ళి చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని వచ్చి అప్పుడు తీసుకున్నారు. పేజీలు తిప్పారు. అంచు మీద వేలు పెట్టి, "కటింగ్ వేసేశారు, పాపం" అన్నారు. నేనింకా ఏమీ చెప్పలేదు.

తర్వాత, "అమ్మా, ఇది చదవడానికా, దాచుకోవడానికా?" అని అడిగారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే విప్పి చెప్పారు. దాచుకునే పుస్తకమైతే మందపాటి అట్ట వేసి వెన్ను గట్టిగా బిగించవచ్చు, అలమరలో నిటారుగా నిలబడుతుంది, యాభై ఏళ్ళు చెక్కు చెదరదు, కాకపోతే పూర్తిగా తెరుచుకోదు, బలవంతంగా తెరిస్తే కుట్టు తెగుతుంది. రోజూ చదివే పుస్తకమైతే అంతా విప్పి, ఫారం ఫారంగా (ఫారం అంటే కలిపి మడిచిన కాగితాల కట్ట) దారంతో మళ్ళీ కుట్టి, వెన్ను మెత్తగా ఉంచాలి. అప్పుడు ఏ పేజీ దగ్గర తెరిచినా బల్ల మీద పడుకుంటుంది. పని రెండింతలు. "రెండూ కావాలంటే కుదరదమ్మా, ఏదో ఒకటి చెప్పు."

దాచుకోవడానికే అన్నాను. ఆలోచించాల్సింది ఏముంది, అమ్మ జ్ఞాపకం, అద్దాల బీరువాలో పెట్టుకుందాం అనుకున్నాను. ఆయన సరేనని ఆరు వందలు చెప్పి, చెప్పాక తనే, "ఈ డబ్బుకి కొత్త బైబిల్ వచ్చేస్తుంది, ఆలోచించుకో" అన్నారు. వచ్చిన బేరాన్ని ఇలా తనంతట తానే తలుపు దాకా సాగనంపే కొట్టువాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి.

గాజువాక బస్సు ఎక్కి కూర్చున్నాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మేం సంఘంలో ప్రార్థన చీటీలు రాస్తాం కదా, వీసా రావాలని, పెళ్ళి కుదరాలని, ట్రాన్స్‌ఫర్ ఆగాలని, పెద్ద పెద్ద మలుపుల దగ్గరే దేవుడు మన జీవితాన్ని తిప్పుతాడన్నట్టు ఆ చీటీలన్నీ వాటి గురించే ఉంటాయి. నేనూ అవే రాశాను. పొద్దున్న అలారం ఆపి మళ్ళీ పడుకుంటున్నాను ప్రార్థన చెయ్యండి అని ఒక్కరు రాయగా చూడలేదు. అమ్మ జీవితంలో నాకు తెలిసి పెద్ద నిర్ణయాలు మూడో నాలుగో, అవి కూడా చాలావరకు ఇతరులే తీసుకున్నారు. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా తనంతట తాను తీసుకున్నది మాత్రం ఈ రోజుకొక అధ్యాయం. నాన్న పోయాక మా ఇల్లు నిలబడిందంటే అది దేవుని కృప, అందులో సందేహం లేదు. ఆ కృపను అమ్మ రోజూ ఏ గిన్నెతో ముంచుకుందో మాత్రం ఆ పెన్సిల్ తేదీలు చూస్తేనే తెలుస్తుంది. మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు ఎక్కువలోను నమ్మకముగా ఉండును అని లూకా 16లో ప్రభువు చెప్పిన మాట డబ్బుకి సంబంధించిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఆ బస్సులో కూర్చుని అది పొద్దున్న అలారం మోగగానే లేవడానికి కూడా వర్తిస్తుందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

మర్నాడు ఆఫీసుకి పర్మిషన్ పెట్టి మళ్ళీ వెళ్ళాను, ఎందుకంటే ఆయనకి ఫోన్ లేదు. "చదవడానికే మేస్త్రి గారూ" అన్నాను. తలూపి రసీదు మీద రాసుకున్నారు.

ఇక పని గురించి. పాత జిగురు మొత్తాన్ని తడిగుడ్డతో నానబెట్టి కొంచెం కొంచెంగా తీశారు. బైబిల్ కాగితం ఉల్లిపొర, లాగితే చిరిగిపోతుంది, ఆ ఒక్క పనికే రెండు రోజులు పట్టిందట. మడత దగ్గర చిరిగిన ఫారాలకి పల్చటి కాగితం పట్టీలు వేశారు. దారానికి మైనం రాసి కుట్టారు. జిగురులో మైలతుత్తం కలిపారు, పురుగు పట్టకుండా. అంచులు అసలు ముట్టుకోలేదు. "కటింగ్ వేస్తే నీటుగా వస్తుంది గానీ ఉన్న రాతలు కూడా పోతాయి, ఎగుడుదిగుడుగానే ఉంటుంది, పర్లేదా?" అని ముందే అడిగారు. పర్లేదా అని అడిగినందుకే నాకు ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి. మధ్యలో ఎంతవరకొచ్చిందో చూద్దామని వెళ్తే, విప్పిన ఫారం ఒకటి చూపించి, "ఈ మైనం చుక్క గీకెయ్యమంటావా, ఉంచమంటావా?" అన్నారు. మొదటి దినవృత్తాంతములు 7వ అధ్యాయం. వచనం పక్కన రూపాయి బిళ్ళంత పసుపు మరక, దాని పక్కనే 12-10-14. తేదీ చూడగానే గుర్తొచ్చింది, హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద పడ్డ ఆదివారం అది. కిటికీ అద్దాలు పగిలి, గదిలోకి నీళ్ళొచ్చి, కరెంటు లేక మేమందరం వంటగదిలో నక్కి కూర్చున్న రోజు. ఆ రాత్రి అమ్మ కొవ్వొత్తి దగ్గర పుస్తకం పెట్టుకుంటే, ధైర్యం కోసం ఏ కీర్తనో తీసి చదువుతుందనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ అధ్యాయం నిండా పేర్లే, ఇశ్శాఖారు కుమారులు, నఫ్తాలి కుమారులు, ఆషేరు కుమారులు. వరసలో ఆ రోజుకి వచ్చింది అదే కాబట్టి అదే చదివింది. ఉంచెయ్యండి అన్నాను. ఆ చుక్క మీద చిన్న కాగితం ముక్క వేసి ప్రెస్‌లో పెట్టారు, ఎదుటి పేజీకి అంటుకోకుండా.

అలాగని అమ్మ ఒక్క రోజు కూడా తప్పలేదని కాదు. సామెతలు 14వ అధ్యాయం పక్కన 1997 ఆగస్టు తేదీ ఉంది, 15వ దాని పక్కన 1998 ఫిబ్రవరి. మధ్యలో ఆరు నెలలు ఏమీ లేదు. నాన్న పోయింది ఆ ఆగస్టులోనే. నాకు ముఖ్యంగా అనిపించింది ఆ ఆరు నెలల తర్వాత ఏం జరిగిందన్నది. అమ్మ సిగ్గుపడి మానెయ్యలేదు, మళ్ళీ ఆదికాండము నుంచి కొత్తగా మొదలుపెట్టలేదు, 15వ అధ్యాయం తీసింది. రోజూ చేసే మంచి పని ఒకటి తప్పిపోతే ఇక మనవల్ల కాదని వదిలేసేవాళ్ళకి, అందులో నేనే మొదటిదాన్ని, ఈ రెండు తేదీలు చూపించాలనిపిస్తుంది.

ఈ కొట్టున్న పేటకీ తెలుగు బైబిల్‌కీ పాత చుట్టరికం ఉంది, అది కూడా చెప్పాలి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలు అనువదించడం మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి ఆ ఇద్దరూ బతికి లేరు, 1810 కల్లా ఒకరి వెనక ఒకరు పోయారు. ఈ ఉక్కపోతలో కూర్చుని పరాయి భాషలో ఒక్కో మాట వెతుక్కున్న ఆ రోజుల్లో తమ పని అచ్చులో ఎలా ఉంటుందో వాళ్ళు చూడనే లేదు. రెండొందల ఏళ్ళ తర్వాత ఒక నర్సు నైట్ డ్యూటీకి వెళ్ళే ముందు తెలుగులో ఆ మాటలు చదువుతుందని వాళ్ళకేం తెలుసు. పాత పోస్టాఫీసు వీధుల్లో నడుస్తుంటే నాకు అదే గుర్తొస్తూ ఉంటుంది.

ఇబ్బందులు కూడా రాయాలి. పది రోజులన్నది ఇరవై రెండు రోజులైంది. వానాకాలం, పైగా సముద్రం గాలి, జిగురు ఆరదు, ఆరకుండా అట్ట బిగిస్తే లోపల బూజు పడుతుందని చెప్పారు. కారణం సరైనదే, కానీ ముందే ఇరవై రోజులని చెప్పి ఉంటే నేను మూడుసార్లు ఊరికే వెళ్ళేదాన్ని కాదు. ఫోన్‌పే లాంటివి లేవు, నగదే ఇవ్వాలి. అట్ట మీద "పరిశుద్ధ గ్రంథము" అని వేసిన బంగారు అక్షరాలు కొద్దిగా కుడివైపుకి ఒరిగాయి, తెలిసినవాళ్ళు చూస్తే కనిపిస్తుంది. సందులోకి ఆటో రాదు. ఆదివారం కొట్టు తియ్యరు. తోలు కావాలన్నవాళ్ళకి ఆయన దగ్గర తోలు లేదు, రెక్సిన్ మాత్రమే, ఆ సంగతి ఆయనే చెబుతారు.

డబ్బు విషయం. పని రెండింతలు కాబట్టి తొమ్మిది వందలు చెప్పారు. తీసుకునేటప్పుడు ఎనిమిది వందల ఇరవై చాలన్నారు, రెక్సిన్ వేరే పనిలో మిగిలిన ముక్క సరిపోయిందట. ఆయన చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. కొట్టులో ఎవరూ లేరు, నేను తొమ్మిది వందలు చేత్తో పట్టుకునే ఉన్నాను. ఆ ఎనభై రూపాయలు తిరిగి ఇవ్వడానికి ఆయన అర నిమిషం కూడా ఆలోచించలేదు. ఇలాంటి చోట ఆలోచించాల్సిన అవసరం లేకుండా పోవాలంటే అంతకుముందు ఎన్ని వందలసార్లు ఇదే పని చేసి ఉండాలో.

బైండింగ్ బాగుందో లేదో చూడాలంటే పుస్తకం మధ్యలో తెరవకండి, మధ్యలో చాలా పుస్తకాలు పడుకుంటాయి. మొదటి పేజీ, చివరి పేజీ తెరిచి చూడండి. ఇప్పుడు అమ్మ బైబిల్ ఆదికాండము ఒకటో అధ్యాయం దగ్గరా ప్రకటన 22 దగ్గరా చెయ్యి పెట్టకుండానే బల్ల మీద పరుచుకుని ఉంటోంది. నేను టీ తాగుతూ రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని చదువుతున్నాను. మీరు ఇస్తే మాత్రం విడి కాగితాలు, పాత ఫొటోలు, ఎండిన పూలు లాంటివి లోపల ఉంటే ముందే తీసి దగ్గర పెట్టుకోండి, రసీదు పారెయ్యకండి, చదవడానికా దాచుకోవడానికా అన్నది ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి.

సెప్టెంబర్‌లో పుస్తకం ఇంటికి వచ్చిన మర్నాడు 74వ కీర్తన తీశాను. మధ్యలో రెండు రోజులు తప్పాను. నిన్న 119వ కీర్తన వచ్చింది, 176 వచనాలు, బైబిల్ మొత్తంలో అన్నిటికంటే పెద్ద అధ్యాయం. నాలుగు రోజులకి పంచుకుందామా అనుకుని అమ్మ ఎలా చేసిందో చూశాను. కోతలో కొన్నిటికి చివర్లు పోయినా తేదీలు పదకొండూ ఉన్నాయి, చీమల బారులాగా ఒకదాని కింద ఒకటి, ప్రతిసారీ ఒక్క రోజే. ఆఫీసుకి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఆ పదకొండు తేదీల కింద పన్నెండోది నేను వేశాను.