కుట్టు మిషన్ లేకుండా చేత్తో కుట్టుకున్న అతుకుల జీన్స్: మూడేళ్లకు పైగా వాడాక

చేత్తో కుట్టింది నిలుస్తుందా అని చూసిన ప్రతివాళ్లూ అడుగుతారు. నిలుస్తుంది. నా దగ్గర ఇలా అతుకులు వేసుకున్న ప్యాంట్లు రెండున్నాయి, ఒకటి పాత మందపాటి జీన్స్, ఇంకోటి స్ట్రెచ్ జీన్స్. మూడేళ్లకు పైగా స్కూటీ మీద, బస్సుల్లో, ఆఫీసులో, ఇంట్లో నేల మీద కూర్చుని కూరగాయలు తరిగేటప్పుడు కూడా ఇవే వేసుకుంటున్నాను, వాషింగ్ మెషిన్‌లోనే ఉతుకుతున్నాను. మందపాటిది ఈరోజుకీ గట్టిగా ఉంది. స్ట్రెచ్‌ది మోకాలి దగ్గర వదిలేసింది, ఆ సంగతి తర్వాత చెప్తాను. ఇన్నాళ్ల వాడకంలో నాకు బాగా తేలిందేమిటంటే, అతుకు ఎన్నాళ్లుంటుందో తేల్చేది కుట్టు అందం కాదు, అతుకు అంచు ఎలాంటి గుడ్డ మీద పడింది అన్నదే.

మోకాలి దగ్గర చిరిగిన జీన్స్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. జీన్స్ గుడ్డలో పడుగు, అంటే నిలువు పోగులు నీలం, పేక, అంటే అడ్డ పోగులు తెలుపు. అరిగేటప్పుడు ముందు పైకి తేలి ఉండే నీలం పోగులు తెగిపోతాయి, అందుకే చిరుగులో అడ్డంగా తెల్లదారాలు వేలాడుతూ కనిపిస్తాయి. చిరుగు చిన్నదే అనిపిస్తుంది కానీ, దాని చుట్టూ రెండు మూడు వేళ్ల వెడల్పున గుడ్డ అప్పటికే సగం ప్రాణం పోయి ఉంటుంది. ప్యాంటు కాల్లోకి మొబైల్ టార్చ్ పెట్టి చూస్తే ఎక్కడెక్కడ పలచబడిందో ఇట్టే తెలిసిపోతుంది. ఆ పలచబడిన చోటంతా దాటి, ఇంకో రెండు సెంటీమీటర్లు గట్టి గుడ్డ మీదికి వెళ్లేంత పెద్ద ముక్క కోసుకోవాలి. చిరుగు కొలతకి సరిపడా ముక్క వేస్తే, అతుకు చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని అంచు వెంబడే పాత గుడ్డ గీత గీసినట్టు చిరుగుతుంది. మా చెల్లెలు ముచ్చటపడి కొనుక్కున్న అతుకుల ప్యాంటు సరిగ్గా అలాగే పోయింది, అది మిషన్ మీద కుట్టిందే.

ఇక ముక్కల విషయం. మాది రాయదుర్గం. అక్కడా, పక్కనే బళ్ళారిలోనూ జీన్స్ కుట్టే యూనిట్లు చాలా ఉన్నాయి కాబట్టి కటింగ్‌లో మిగిలిన ముక్కలకు నాకు కరువు లేదు. కానీ ఆ కొత్త ముక్కల్ని నేరుగా వాడకూడదు. జీన్స్‌ని కుట్టేశాకే వాషింగ్‌కి పంపుతారు, అంటే కటింగ్ ముక్కకి ఇంకా నీళ్లు తగలలేదన్నమాట. గంజి పట్టి అట్టలా ఉంటుంది, మొదటి ఉతుకుల్లో కుంచించుకుపోతుంది, రంగూ వదులుతుంది. దాన్ని ఇప్పటికే ఎన్నోసార్లు ఉతికిన ప్యాంటు మీద కుట్టేస్తే, ముక్క లోపలికి లాక్కుని చుట్టూ ముడతలు పడతాయి, ఆ ముడతలు ఇస్త్రీకి కూడా లొంగవు. వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, రెండు మూడుసార్లు ఉతికి ఆరేశాక వాడితే ఏ గొడవా లేదు. మీకు యూనిట్లు దగ్గర్లో లేకపోతే ఇంట్లో పడి ఉన్న పాత జీన్స్ ఇంకా మేలు. పిక్కల వెనక భాగం దాదాపు కొత్తదానిలా ఉంటుంది, ముక్కలు అక్కణ్ణుంచే కోయండి. బరువు కూడా చూసుకోవాలి. మామూలు జీన్స్ గుడ్డ చదరపు గజానికి 10 నుంచి 14 ఔన్సులు ఉంటుంది, డెనిమ్ షర్టు గుడ్డ అందులో సగమే ఉంటుంది. షర్టు ముక్క మోకాలి మీద ఆగదు. అలాగే పడుగు దిశ కలవాలి, అంటే ముక్కలోని నీలం పోగులు కూడా కాలి పొడుగునే పోవాలి. అడ్డంగా పెట్టినవి నా ప్యాంటు మీద ఒకటి రెండున్నాయి, డిజైన్ కోసం పెట్టాను, తొడ మీద కాబట్టి బతికిపోయాయి.

సూదీ దారం గురించి ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు. పెద్ద కన్ను, పదునైన మొన ఉన్న గట్టి ఎంబ్రాయిడరీ సూది, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఒక అంగుస్తానా, అంతే. అంగుస్తానా లేకుండా జీన్స్ జోలికి వెళ్లకండి, అరగంటలో మధ్యవేలు కమిలిపోతుంది. దారాల్లో నేను మూడు రకాలు వాడి చూశాను. ఎంబ్రాయిడరీకి వాడే ఆరు పోగుల కాటన్ దారం మూడు పోగులుగా విడదీసి కుట్టినవి మోకాలి మీద ఏడాదికల్లా నూగు లేచి అక్కడక్కడా తెగాయి, అదే ఆరు పోగులూ కలిపి కుట్టినవి ఇంకా ఉన్నాయి. విడదీయని మెలితిప్పిన పర్ల్ కాటన్ అన్నిటికన్నా బాగా వచ్చింది. పాలిస్టర్ దారం అస్సలు తెగదు, అందుకే పాత జీన్స్ మీద నాకు నచ్చదు. లాగుడు పడ్డప్పుడు దారం తెగకపోతే గుడ్డ కోసుకుపోతుంది, తెగిన కుట్టునైతే పది నిమిషాల్లో మళ్లీ వేసుకోవచ్చు. దారం పొడుగు గురించి మా అవ్వ మొదట్లోనే చెప్పింది, "మూర కంటే ఎక్కువ తియ్యొద్దు పాపా, చిక్కు పడుతుంది, గుడ్డలో దూరి దూరి సగానికే పీచు లేస్తుంది" అని. ఆవిడ జీవితమంతా పాత చీరలతో బొంతలు కుట్టిన మనిషి. ఆ మూర కొలత ఈ ముతక గుడ్డకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

కుట్టే పద్ధతికొస్తే, అసలు కష్టం సూది గుచ్చడంలో లేదు, ప్యాంటు కాలు గొట్టంలా ఉండటంలో ఉంది. లోపల చెయ్యి పెట్టి కుడుతుంటే వెనక వైపు గుడ్డ కూడా కలిసి కుట్టుకుపోతుంది. చిన్న అతుకైతే కాల్లోకి ఒక మందపాటి వారపత్రిక దూర్చితే సరిపోతుంది. పెద్ద ముక్కలు, పై నుంచి కింద దాకా వరసగా వేసేవి అయితే, కాలి పక్క కుట్టు విప్పేసి గుడ్డని పరిచేసుకోవడమే మంచిది. ఏ పక్క విప్పాలో చూసుకోండి. చాలా జీన్స్‌లకి లోపలి పక్క, అంటే రెండు కాళ్లూ రాసుకునే వైపు, గుడ్డ మడతలు ఒకదాన్నొకటి పట్టుకుని రెండు వరసల కుట్టు ఉంటుంది, అది విప్పితే మళ్లీ చేత్తో అంత గట్టిగా వేయడం మన వల్ల కాదు. బయటి పక్క మామూలు ఒంటి వరస కుట్టు, అంచు పోగులు లేవకుండా దాని మీద ఓవర్‌లాక్ కుట్టు. ఆ పక్కే విప్పండి. అయిపోయాక బఖియా కుట్టుతో, అదే బ్యాక్ స్టిచ్‌తో, మూసేయొచ్చు. అంగుళానికి ఏడెనిమిది కుట్లు పడేలా ఓపిగ్గా వేస్తే మిషన్ కుట్టుకి ఏ మాత్రం తీసిపోదు. నేను మూసిన పక్క కుట్టు ఇన్నేళ్లలో ఒక్కచోట కూడా ఊడలేదు.

ముక్క పెట్టేముందు చుట్టూ సెంటీమీటరు లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, తర్వాత తీసేసే పొడుగాటి కచ్చా కుట్లు వేసుకుని, ఒకసారి తొడుక్కుని, కూర్చుని, గొంతుకూర్చుని చూడాలి. ఈ పని దాటేయకండి. నిలబడ్డప్పుడు చక్కగా ఉన్న ముక్క మోకాలు వంచేసరికి బిగుసుకుంటుంది. మోకాలు కాస్త వంచినప్పుడు గుడ్డ ఎలా ఉంటుందో ఆ వదులు ఉంచి పక్కా కుట్టు వేయాలి. అంచుకి బఖియా, లోపలంతా వరసలు వరసలుగా రన్నింగ్ కుట్టు. లోపలి వరసలు సోకు కోసం కాదు. అవి రెండు పొరల్నీ కలిపి పట్టుకుంటాయి, అప్పుడు లాగుడంతా అంచు మీదే పడదు. జపాన్‌లో పాత బట్టల మీద ముక్క మీద ముక్క వేసి సాషికో కుట్టుతో నింపిన బోరో బట్టలు ఫొటోల్లో చూస్తే నాకు మా అవ్వ బొంతలే గుర్తొస్తాయి, పని జరిగే తీరు రెండింట్లోనూ ఒకటే.

మడతలు కలిసే చోట సూది దిగకపోతే బలం ఉపయోగించొద్దు, సూది విరిగి మీదికి ఎగురుతుంది. ఆ మడత మీద పొడి సబ్బు ముక్క రుద్దితే సూది జారినట్టు దిగుతుంది. ఇంకా కష్టమైతే ముందు దబ్బనంతో దారి చేసుకుని, సూదిని పట్టకారుతో లాగడమే.

జేబు మూలల గురించి విడిగా చెప్పాలి. ప్యాంటులో బాగా లాగుడు పడే చోట్లలో ఆ మూలలు ఒకటి. 1873లో అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లెవీ స్ట్రాస్ కలిసి పేటెంట్ తీసుకున్నది కూడా జేబు మూలల్లో రాగి రివెట్లు కొట్టే పద్ధతి మీదే, మన జీన్స్ కథంతా అక్కణ్ణుంచే మొదలైంది. చేత్తో కుట్టే మనకి రివెట్ బదులు, మూలలో ఒకే చోట నాలుగైదు పొడుగు కుట్లు వేసి, వాటి చుట్టూ కాజా కుట్టినట్టు దారం చుట్టేస్తే చాలు. నా ప్యాంటుకి వెనక జేబులు రెండూ పాత జీన్స్ నుంచి విప్పి తెచ్చి వేసినవే, ఒక దాంట్లో రోజూ ఫోను ఉంటుంది, మూలలు కదల్లేదు.

ఇప్పుడు అందరూ ఇష్టపడే భాగం, కలంకారీ, ఇకత్ ముక్కలు. పెడన కలంకారీ ముక్క నీలం జీన్స్ మీద ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు, కానీ అది పలచటి నూలు గుడ్డ, పై పొరగా మోకాలి మీదా తొడ లోపలి వైపూ వేస్తే కొన్ని నెలలకే జాలీలా అయిపోతుంది. తిరగేసి వేయండి. జీన్స్‌లో ఆకు ఆకారమో, చతురస్రమో కిటికీలా కోసి, అంచు లోపలికి మడిచి, కలంకారీని వెనక నుంచి పెట్టి, దాని వెనక ఇంకో పాత జీన్స్ ముక్క ఆసరాగా పెట్టి కుడితే, రాపిడంతా చుట్టూ ఉన్న మందపాటి అంచు తీసుకుంటుంది, లోపలి పువ్వు భద్రంగా ఉంటుంది. నా ఎడమ తొడ మీద అలా పెట్టిన ఎర్రపువ్వు రంగు కొద్దిగా వెలిసింది గానీ ఒక్క పోగు లేవలేదు. అదే గుడ్డలోంచి పైన కుట్టిన ముక్కని ఇప్పటికి రెండోసారి మార్చాను. పోచంపల్లి ఇకత్ నూలు గుడ్డ కాస్త మందం కాబట్టి పిక్కల దగ్గర, కింది అంచు దగ్గర పైన వేసినా ఫర్వాలేదు.

స్ట్రెచ్ జీన్స్‌కి ఈ పని నేను సిఫార్సు చేయను. సాగే గుడ్డ మీద సాగని ముక్క పెడితే, మోకాలు వంచిన ప్రతిసారీ చుట్టూ గుడ్డ సాగుతుంది, ముక్క సాగదు, లాగుడంతా కుట్టు రంధ్రాల మీదికి వస్తుంది. నాది అక్కడే వరసగా చిల్లులు పడి పోయింది. సాగే ముక్కనే వెతికి, తిన్నని కుట్టు బదులు అటూ ఇటూ వంకరగా పోయే హెరింగ్‌బోన్ కుట్టు వేస్తే కొంత మెరుగు. దాన్నిప్పుడు అలాగే సరిచేసి వాడుతున్నాను, ఇంట్లో మాత్రమే.

గుడ్డ గమ్, ఇస్త్రీ పెట్టి అతికించే రెడీమేడ్ ముక్కలు కూడా వాడి చూశాను. కుట్టు అక్కర్లేదని అమ్ముతారు, అది నమ్మకండి. నాలుగు ఉతుకులకు అంచులు లేస్తాయి, గమ్ ఎండి గట్టిపడ్డ చోట తర్వాత సూది కూడా దిగదు. కచ్చా కుట్టు బదులు ముక్క కదలకుండా పట్టుకోడానికి మధ్యలో ఒక చుక్క వేస్తే చాలు, అంతకు మించి పనికిరాదు.

వాడకంలో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. రెండు పొరలు కాబట్టి వేడి. ఏప్రిల్, మే నెలల్లో నేను వీటిని బయటికే తీయను. వానాకాలంలో ఆరడానికి మామూలు జీన్స్ కంటే చాలా ఎక్కువసేపు పడుతుంది, మడతల దగ్గర తడి ఉండిపోతే ముక్కిపోయిన వాసన వస్తుంది, అందుకని తిరగేసి ఫ్యాను కింద ఆరేస్తాను. వెనక వైపు కూర్చునే చోట అతుకు అంచు రాకుండా చూసుకోండి, అనంతపురం నుంచి హైదరాబాద్ దాకా బస్సులో ఆ అంచు మీద కూర్చుంటే తొడ మీద వాతలా పడుతుంది. వెనక భాగానికి అతుకు లోపల నుంచే వేసి, అంచు మడవకుండా వదిలేసి, పలచగా రన్నింగ్ కుట్టు వేస్తే ఒత్తుకోదు. మడవని అంచుల నుంచి ఉతికినప్పుడల్లా పోగులు వస్తాయి, లాగకుండా కత్తిరించండి, కొన్ని ఉతుకుల తర్వాత అదే ఆగిపోతుంది.

ఖర్చు దాదాపు లేదు, పాత జీన్స్ ఇంట్లో ఉంటే సూదీ దారం అంగుస్తానా కలిపి రెండు వందలు దాటదు. ఖర్చయ్యేది టైమే. ఒక మోకాలి అతుకు ఆదివారం మధ్యాహ్నం పని, రెండు కాళ్ల నిండా ముక్కలంటే సాయంత్రాలన్నీ పెట్టుకున్నా నెల దాటుతుంది. నాకైతే ఆ సాయంత్రాలు ఎంతో ఇష్టంగా గడిచాయి, పక్కన అవ్వ ఉంటే మరీనూ. త్వరగా కావాలనుకునేవాళ్లకి ఇది కుదరదు, మిషన్ ఉన్న టైలర్‌కి ఇచ్చేయండి, అదీ కాలు విప్పి పరచి కుట్టడానికి ఒప్పుకుంటేనే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మోకాలితో కాకుండా పిక్క దగ్గర ఒక ముక్కతో మొదలుపెట్టండి, అక్కడ లాగుడు తక్కువ, చెయ్యి తిరిగే దాకా ఎన్నిసార్లు విప్పి కుట్టినా ప్యాంటు పాడవదు. జిప్పు మార్చడం మాత్రం చేత్తో పెట్టుకోకండి, దానికి నేనూ టైలర్ దగ్గరికే వెళ్తాను.